పోలీసు ముందు మాట, కోర్టులో సంతకం

డాలస్ శివార్లలో తెలుగు విద్యార్థులకీ కుటుంబాలకీ జరిగిన న్యాయ అవగాహన సభలో ఒక క్రిమినల్ డిఫెన్స్ న్యాయవాది ప్రసంగమిది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం.

అందరికీ నమస్కారం. ముందు వరసలో పెద్దవాళ్ళు కూర్చున్నారు, పిల్లల దగ్గరికి ఆర్నెల్ల కోసం వచ్చినవాళ్ళు. వెనక గోడకి ఆనుకుని మాస్టర్స్ పిల్లలు నిలబడ్డారు. మధ్యలో ఇళ్ళు కొనుక్కుని స్థిరపడ్డవాళ్ళు. మీ ముగ్గురికీ ఒకే ఉపన్యాసం చెప్పమన్నారు. సరే, ప్రయత్నిద్దాం.

మన తలలో క్రిమినల్ కేసు అంటే రెండు బొమ్మలుంటాయి. ఒకటి మన ఊరి పోలీస్ స్టేషన్: ఎఫ్ఐఆర్, పెద్దమనుషులు, రాజీ, లోక్ అదాలత్. రెండోది అమెరికన్ సినిమాల్లో కోర్టు: జ్యూరీ ముందు లాయరు అటూ ఇటూ నడుస్తూ వాదించడం. ఇక్కడ నిజంగా జరిగేదానికి ఈ రెండు బొమ్మలూ సరిపోవు. ఇక్కడ కేసు ఎక్కడ తేలిపోతుందో తెలుసా? మొదటి రెండు మూడు గంటల్లో పోలీసు ముందు మీరు అన్న మాట దగ్గర. ఆ తర్వాత కొన్ని నెలలకి ఒప్పుకోలు కాగితం మీద మీరు పెట్టిన సంతకం దగ్గర. మిగతాదంతా ఈ రెంటి మధ్యలో నడిచే వ్యవహారం. అందుకని నేనూ ఆ రెండు చోట్లే ఎక్కువసేపు నిలబడతాను.

ముందు కేసు ఎవరిదో చూద్దాం. ఫిర్యాదు కాగితం మీద పైన ఏముంటుంది? "ద స్టేట్ ఆఫ్ టెక్సస్ వర్సెస్" అని, పక్కన మీ పేరు. దెబ్బ తిన్న మనిషి పేరు అక్కడ ఉండదు. అంటే కేసు ఆ మనిషిది కాదు, రాష్ట్రానిది. నడిపేది ప్రాసిక్యూటర్. కౌంటీలో ఆ ఆఫీసుకి పెద్ద డిస్ట్రిక్ట్ అటార్నీ, ఆయన ఓట్లతో గెలిచి వచ్చినవాడు. మన దగ్గర చిన్న నేరాల్లో ఇద్దరూ రాజీపడితే కోర్టు కొట్టేస్తుంది కదా, ఆ అలవాటుతో ఇక్కడ దెబ్బతినే కేసు ఒకటుంది. భార్యాభర్తల గొడవ.

రాత్రి పదకొండింటికి మాటా మాటా పెరిగింది. ఒక తోపు. భయపడి ఆవిడ 911కి ఫోన్ చేసింది. ఆవిడ ఉద్దేశం ఏమిటి? ఎవరైనా వచ్చి ఆయన్ని నాలుగు మందలించి వెళ్తారని. వచ్చినవాళ్ళు మందలించరు. చేతి మీద ఎర్రగా కమిలి ఉంటే ఫోటో తీస్తారు, ఇద్దరినీ వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి అడుగుతారు, దాడి జరిగిందని నమ్మడానికి కారణం కనిపిస్తే ఒకరిని తీసుకెళ్తారు. మర్నాడు మెజిస్ట్రేట్ అత్యవసర రక్షణ ఉత్తర్వు ఇవ్వచ్చు. అది మామూలుగా 31 నుంచి 61 రోజులు. ఆయుధం చూపించి ఉంటే 61 నుంచి 91 రోజులు. ఆ ఉత్తర్వులో ఇంటి దగ్గరికి వెళ్ళకూడదని ఉంటే వెళ్ళకూడదు, అంతే. "మా ఆవిడే రమ్మందండీ, వంట చేసి పెట్టింది" అన్నా చెల్లదు. ఉత్తర్వు ఇచ్చింది కోర్టు, సడలించాల్సింది కూడా కోర్టే. అది మీరితే అదో కొత్త నేరం. పైగా, మీరు అమెరికా పౌరులు కాకపోతే, రక్షణ ఉత్తర్వు మీరడమే విడిగా దేశం నుంచి పంపించేయడానికి ఒక కారణం.

వారం తర్వాత ఆవిడ, "నేను కేసు వెనక్కి తీసుకుంటాను" అంటుంది. తీసుకోవడానికి ఆవిడ పెట్టిన కేసు ఏదీ లేదు. టెక్సస్‌లో "అఫిడవిట్ ఆఫ్ నాన్ ప్రాసిక్యూషన్" అని ఒక కాగితం ఉంది. నాకు కేసు నడవడం ఇష్టం లేదు అని ఆవిడ ప్రమాణం చేసి ఇవ్వచ్చు. ప్రాసిక్యూటర్ చదువుతారు, ఫైల్లో పెడతారు. ఆపాలని నియమం లేదు. ఆవిడ కోర్టుకి రాకపోతే? 911 రికార్డింగు ఉందిగా. ఆపద జరుగుతుండగా సాయం కోసం చెప్పిన మాటలు, మనిషి సాక్ష్యానికి రాకపోయినా వాడుకోవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 2006లో డేవిస్ వర్సెస్ వాషింగ్టన్ కేసులో చెప్పింది.

ఇంకో మాట, ఇది మగవాళ్ళు గట్టిగా వినండి. తోపు, చెంపదెబ్బ సాధారణంగా క్లాస్ ఏ మిస్‌డిమీనర్, ఏడాది దాకా జైలు. అదే చెయ్యి మెడ మీదకి వెళ్ళి ఊపిరి ఆడకుండా చేసిందని రాశారనుకోండి, మొదటిసారే అయినా థర్డ్ డిగ్రీ ఫెలనీ. రెండు నుంచి పదేళ్ళు. పోలీసు అడిగే ప్రశ్నల్లో "గొంతు పట్టుకున్నాడా?" అన్నది ఎందుకుంటుందో ఇప్పుడు అర్థమైందా? అలాగని నిజంగా ఆపదలో ఉన్న ఆడమనిషి 911కి ఫోన్ చెయ్యొద్దని నేను అనడం లేదు. చెయ్యండి, తప్పకుండా చెయ్యండి. ఫోన్ చేశాక పగ్గాలు మన చేతిలో ఉండవని మాత్రం తెలిసి ఉండాలి.

ఇప్పుడు మిస్‌డిమీనర్, ఫెలనీ అన్నాను కదా. ఏడాది దాటి శిక్ష పడగలిగేది ఫెలనీ, ఏడాది లోపు మిస్‌డిమీనర్. టెక్సస్‌లో మిస్‌డిమీనర్లు మూడు మెట్లు. క్లాస్ సి అంటే 500 డాలర్ల దాకా జరిమానా, జైలు లేదు. క్లాస్ బి అంటే 180 రోజుల దాకా. క్లాస్ ఏ అంటే ఏడాది దాకా. దొంగతనానికి ఈ మెట్లు వస్తువు ఖరీదుని బట్టి: 100 డాలర్ల లోపు సి, 100 నుంచి 750 లోపు బి, 750 నుంచి 2,500 లోపు ఏ, అక్కణ్ణించి ఫెలనీ. ఈ 750 అంకె గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

నేరం కావాలంటే రెండు ఉండాలి: చేసిన పని, చేసేటప్పటి మనసు. మనసుకి చట్టం నాలుగు స్థాయిలు పెట్టింది. కావాలని చేయడం, తెలిసి చేయడం, ప్రమాదం తెలిసి కూడా లెక్కచేయకపోవడం, తెలుసుకోవాల్సింది తెలుసుకోకపోవడం. దొంగతనానికి పై స్థాయి కావాలి, వస్తువు దక్కించుకోవాలన్న ఉద్దేశం ఉండాలి. బండి కింద అరలో నీళ్ళ సీసాల కేసు మర్చిపోయి బయటికి వచ్చేశారు, అది నేరం కాదు. మరి సెల్ఫ్ చెకౌట్‌లో బాదంపప్పు త్రాసు మీద పెట్టి, తెర మీద 4011 కొట్టారనుకోండి? 4011 అంటే ఏంటి? అరటిపండు. వెనకున్న పిల్లలు నవ్వుతున్నారు, అంటే కోడ్ తెలుసన్నమాట! మర్చిపోయి ఎవరూ బాదంపప్పుని అరటిపండు అనుకోరు. మీ ఉద్దేశాన్ని ఆ నాలుగంకెలే చెప్పేస్తాయి. నెత్తి మీద కెమెరా, త్రాసు, బిల్లు, మూడూ ఒకే నిమిషాన్ని చూపిస్తాయి.

అప్పుడేమవుతుంది? తలుపు దగ్గర షాపు మనిషి ఆపుతాడు. లోపలి గదికి తీసుకెళ్తాడు. మనవాడు చెమటలు పట్టి, "సారీ సార్, తప్పైపోయింది, రెండింతలు కట్టేస్తాను, పోలీసుల్ని పిలవద్దు" అంటాడు. మన పెంపకం అది, తప్పుచేస్తే కాళ్ళు పట్టుకోమంటుంది. ఇక్కడ అది ఒప్పుకోలు. షాపు ఉద్యోగి పోలీసు కాదు కాబట్టి, మౌనంగా ఉండే హక్కు మీకుందన్న మిరాండా హెచ్చరిక చెప్పక్కర్లేదు. ఆయన మీ ముందు ఒక ఫారం పెడతాడు, "ఫలానా వస్తువు డబ్బు కట్టకుండా తీసుకున్నాను" అని. సంతకం పెట్టకండి. తర్వాత కొన్ని వారాలకి షాపు తరఫున లాయరు ఆఫీసు నుంచి ఇన్ని వందలు కట్టమని ఉత్తరం వస్తుంది. అది కట్టేస్తే కేసు పోతుందని చాలామంది అనుకుంటారు. అది సివిల్ బాకీ. క్రిమినల్ కేసు దాని దారిన అది నడుస్తూనే ఉంటుంది.

అన్ని నేరాలకీ మనసు చూస్తారా అంటే, లేదు. తాగి నడపడానికి టెక్సస్‌లో ఉద్దేశం నిరూపించక్కర్లేదు. "నాకు ఎక్కిందని తెలీలేదు" అన్నది వాదన కాదు. రక్తంలో ఆల్కహాలు 0.08 శాతం, అది అందరికీ తెలిసిన అంకే. కానీ 0.08 లోపున్నా, ఒంటి మీదా మనసు మీదా మామూలు పట్టు తప్పిందని చూపిస్తే చాలు, అదీ నేరమే. మొదటిసారి క్లాస్ బి. వెనక సీట్లో 15 ఏళ్ళ లోపు పిల్లలుంటే మొదటిసారే ఫెలనీ. సంక్రాంతి పార్టీలకి కుటుంబంతో వెళ్ళి రాత్రి ఒంటిగంటకి తిరిగొచ్చేవాళ్ళు ఈ వాక్యం ఇంకోసారి గుర్తు చేసుకోండి. పిల్లలుంటే ఫెలనీ.

కారు ఆపినప్పుడు

వెనక ఎర్ర, నీలం లైట్లు. కుడివైపు ఆపండి, లోపలి లైటు వేయండి, చేతులు స్టీరింగ్ మీద పెట్టండి. డాష్‌బోర్డు అరలో లైసెన్స్ కోసం ఆయన వచ్చేలోపు వెతకడం మొదలెట్టకండి. ఆయన అడిగాక, "అరలో ఉంది, తీస్తున్నాను" అని చెప్పి తియ్యండి. దిగమంటే దిగాలి. డ్రైవర్ని దిగమనే అధికారం 1977లో, పక్కన కూర్చున్నవాళ్ళని దిగమనే అధికారం 1997లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. లైసెన్స్, ఇన్సూరెన్స్ చూపించాలి. అబద్ధం పేరు, అబద్ధం పుట్టినతేదీ చెప్తే అది వేరే నేరం.

"ఎక్కణ్ణించి వస్తున్నారు? ఎంత తాగారు?" వీటికి జవాబు చెప్పాలన్న చట్టం లేదు. "రెండు బీర్లు" అని మనవాళ్ళు మర్యాదగా చెప్తారు. రెండు అన్నందుకు వదిలేసిన పోలీసు ఎవరూ ఉండరు. ఆ మాట రిపోర్టులో మొదటి వాక్యం అవుతుంది.

ఇప్పుడొక చిన్న ఇంగ్లీషు ఉచ్చు. పోలీసు ఎంతో స్నేహంగా అడుగుతాడు, "డు యు మైండ్ ఇఫ్ ఐ టేక్ ఎ లుక్?" అని. మీరు వద్దనుకుని "నో" అంటారు. "నో" అంటే ఏమైంది? "నాకేం అభ్యంతరం లేదు, చూసుకో" అని! ఆయన డిక్కీ తెరిచేస్తాడు. ఒప్పుకుంటే వారెంటు అక్కర్లేదు, ఒప్పుకోకపోయే హక్కు మీకుందని ఆయన చెప్పక్కర్లేదు కూడా. 1973లో ష్నెక్లాత్ కేసులో ఆ మాట అనేశారు. అందుకని నో, యస్ రెండూ వదిలేసి ఒకే వాక్యం: "ఐ డోంట్ కన్సెంట్ టు ఎ సెర్చ్." శాంతంగా. అయినా వెతికితే అడ్డుపడకండి, చెయ్యి పట్టుకోకండి. ఆ పోట్లాట తర్వాత కోర్టులో మీ లాయరు పడతాడు. తప్పుగా వెతికి దొరికింది సాక్ష్యంగా పనికిరాదని రాష్ట్రాలకి కూడా వర్తింపజేసింది 1961 నాటి మాప్ వర్సెస్ ఒహాయో. కానీ మీరే "సరే" అన్నాక ఆ తలుపు మూసుకుపోయినట్టే.

పోలీసు ఆపడానికి ఎంత ఆధారం కావాలి, అరెస్టుకి ఎంత, శిక్షకి ఎంత, ఇవి వేరువేరు. క్లుప్తంగా చెప్తాను. కాసేపు ఆపడానికి చెప్పుకోదగ్గ కారణమున్న అనుమానం చాలు, టెర్రీ కేసు, 1968. అరెస్టుకీ సోదాకీ ప్రాబబుల్ కాజ్ కావాలి, అంటే నేరం జరిగిందని నమ్మడానికి తగినంత ఆధారం. శిక్షకి మాత్రం సహేతుకమైన సందేహం ఏదీ మిగలకూడదు. మనవాళ్ళు పొరబడేది ఎక్కడంటే, శిక్షకి కావాల్సినంత రుజువు లేదని అరెస్టు చెల్లదనుకుంటారు. "ప్రూఫ్ ఏది?" అని రోడ్డు మీద అడుగుతారు. రోడ్డు మీద ప్రూఫ్ అక్కర్లేదు.

ఫోన్ సంగతి. అరెస్టు చేశాక జేబులో ఫోన్ తీసుకోవచ్చు, లోపల చూడాలంటే వారెంటు కావాలి. రైలీ వర్సెస్ కాలిఫోర్నియా, 2014. పాస్‌కోడ్ అడిగితే ఇవ్వక్కర్లేదు. విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర మాత్రం లెక్క వేరు, సరిహద్దు దగ్గర వారెంటు లేకుండానే చూసే అధికారం వాళ్ళకుంది.

తాగిన అనుమానంతో అరెస్టయితే ఊపిరి పరీక్ష వారెంటు లేకుండా అడగచ్చు, రక్తానికి వారెంటు కావాలి. కాదంటే లైసెన్స్ 180 రోజులు పోతుంది, పైగా రాత్రి డ్యూటీలో ఉన్న జడ్జి దగ్గర వారెంటు నిమిషాల మీద తెచ్చుకుంటారు. ఇక్కడ చాలామంది పోగొట్టుకునే గడువు ఒకటుంది: లైసెన్స్ రద్దు మీద విచారణ కావాలని 15 రోజుల్లోపు అడగాలి. క్రిమినల్ కేసులో కోర్టు తేదీ రెండు నెలల తర్వాత ఉంటుంది, అప్పుడు లాయర్ని పెట్టుకుందాంలే అనుకుంటారు. పదహారో రోజుకి ఆ దారి మూసుకుపోయి ఉంటుంది.

ఒక అప్రస్తుతం, కానీ చెప్పాలి. లైసెన్సు మడతలో యాభై డాలర్లు పెట్టి ఇవ్వాలన్న ఆలోచన కలలో కూడా రానివ్వకండి. 80 డాలర్ల టికెట్ కాస్తా సెకండ్ డిగ్రీ ఫెలనీ అవుతుంది. రెండు నుంచి ఇరవై ఏళ్ళు.

మౌనం అంటే నోరుమూసుకోవడం కాదు

ఇది నా ఉపన్యాసంలో గుండెకాయ. మన దగ్గర పోలీసు అధికారి ముందు నేరం ఒప్పుకుంటే కోర్టులో చెల్లదు. 1872 సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 23. సీఐ గారి ముందు ఏం చెప్పినా, మెజిస్ట్రేట్ ముందు మళ్ళీ చెప్తే తప్ప అది ఒప్పుకోలు కాదు. అందుకని మనకి లోపల ఒక ధీమా ఉంటుంది, స్టేషన్లో ఏదో చెప్పేద్దాం, కోర్టులో చూసుకుందాం అని. అమెరికాలో ఆ రక్షణ లేదు. మీ ఇష్టంతో చెప్పారు, హెచ్చరిక చెప్పాల్సిన చోట చెప్పారు అని తేలితే చాలు, డిటెక్టివ్ ముందు అన్న ప్రతి అక్షరం జ్యూరీ ముందు వీడియోలో ఆడుతుంది.

మిరాండా అందరికీ తెలుసు, 1966. "మౌనంగా ఉండే హక్కు మీకుంది" అన్న హెచ్చరిక. అది ఎప్పుడు చెప్పాలి? రెండూ కలిసినప్పుడే: మీరు కస్టడీలో ఉండాలి, వాళ్ళు ప్రశ్నించాలి. ఒకటి లేకపోతే హెచ్చరిక లేదు. డిటెక్టివ్ ఫోన్ చేసి, "మీ మీద ఒకరు ఏదో చెప్పారు, మీ వైపు కథ కూడా వినాలి, ఒకసారి వచ్చి వెళ్ళండి, అరెస్టు చెయ్యను" అంటాడు. మీ కాళ్ళతో మీరు వెళ్ళారు. తలుపు తీసే ఉంది. కస్టడీ కాదు. మిరాండా లేదు. గంటసేపు మాట్లాడి ఇంటికొస్తారు, ఆయన అన్నమాట నిలబెట్టుకున్నాడు, అరెస్టు చెయ్యలేదు. రెండు వారాల తర్వాత వారెంటు వస్తుంది. అందులో మీ మాటలే ఉంటాయి.

ఆ గదిలో ఆయన అబద్ధం చెప్పచ్చు. "మీ స్నేహితుడు అంతా ఒప్పేసుకున్నాడు" అనచ్చు, స్నేహితుడు నోరే విప్పకపోయినా. 1969లోనే ఫ్రేజియర్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని తప్పు పట్టలేదు. మీరు మాత్రం అబద్ధం చెప్పకూడదు. ఎఫ్‌బీఐ లాంటి ఫెడరల్ వాళ్ళకి అబద్ధం చెప్తే అదే ఐదేళ్ళ దాకా శిక్ష పడే నేరం. చూశారా తూకం?

మరి తలొంచుకుని ఊరుకుంటే? పెద్దవాళ్ళ ముందు మాట్లాడకపోవడం మనకి మర్యాద. 2010లో బెర్గూయిస్ వర్సెస్ టాంప్కిన్స్ అని మిషిగన్ కేసు. ఆ మనిషి దాదాపు మూడు గంటలు ఇంచుమించు ఏమీ మాట్లాడలేదు. చివర్లో దేవుణ్ణి క్షమించమని ప్రార్థిస్తావా అని అడిగితే "అవును" అన్నాడు. ఆ ఒక్క ముక్క సాక్ష్యంగా చెల్లింది. ఎందుకు? నేను మాట్లాడను అని ఆయన నోటితో చెప్పలేదు కాబట్టి. అంటే మాట్లాడకుండా ఉండాలంటే ముందు మాట్లాడాలి! "మే బీ ఐ షుడ్ టాక్ టు ఎ లాయర్" అన్నా సరిపోలేదు, 1994లో డేవిస్ వర్సెస్ యునైటెడ్ స్టేట్స్ అని ఇంకో డేవిస్ కేసులో. "మే బీ" అన్నందుకు. మన ఇంగ్లీషు నిండా ఈ మే బీలూ ఇఫ్ పాజిబుల్ సర్‌లే కదా. అవన్నీ తీసి పక్కన పెట్టండి. రెండు వాక్యాలు చాలు: "ఐ యామ్ నాట్ ఆన్సరింగ్ క్వశ్చన్స్. ఐ వాంట్ ఎ లాయర్." వెనక పిల్లలూ, ఒకసారి పైకి అనండి. మళ్ళీ. బాగుంది. ఆ తర్వాత వాళ్ళు ప్రశ్నలు ఆపాలి. ఆపాక మీరే మొదలెట్టకండి. "సార్, నా పాస్‌పోర్టు సంగతి ఏమవుతుంది?" అని మీరే కబుర్లు కలిపితే పెట్టిన గోడ మీరే కూల్చుకున్నట్టు.

అమ్మా, తల్లిదండ్రులకి ఒక మాట. టెక్సస్‌లో క్రిమినల్ కోర్టుకి 17 ఏళ్ళ పిల్లాడు పెద్దవాడి కిందే లెక్క. హైస్కూల్లో చదువుతున్నాడు కదా, నన్ను పిలవకుండా ప్రశ్నించరులే అనుకోకండి. ఈ రెండు వాక్యాలు వాడికీ నేర్పండి.

అరెస్టు తర్వాత 48 గంటల్లోపు మెజిస్ట్రేట్ ముందుకి తేవాలి. అక్కడ ఆరోపణ చదువుతారు, లాయర్ని పెట్టుకునే స్తోమత ఉందా అని అడుగుతారు, బాండు, అంటే జామీను, నిర్ణయిస్తారు. అక్కడ కథ చెప్పే ప్రయత్నం చెయ్యకండి, అదీ రికార్డయ్యేదే. బాండు 10,000 డాలర్లనుకోండి. మొత్తం మీరే కడితే కేసు అయ్యాక తిరిగొస్తుంది. డబ్బు తీసుకుని మీ తరఫున పూచీ పడే బాండ్స్‌మన్ దగ్గరికి వెళ్తే సాధారణంగా పదో వంతు, 1,000 తీసుకుంటాడు. అది ఆయన ఫీజు, మళ్ళీ మీ కంటికి కనబడదు. కట్టేముందు ఒకటి అడగండి: ఇమిగ్రేషన్ వాళ్ళ డిటైనర్ పడిందా? పడితే బాండు కట్టినా మనిషి నేరుగా ఇంటికి రాడు. ఇంకో 48 గంటల దాకా, సెలవులు కాకుండా, ఇమిగ్రేషన్ వాళ్ళ కోసం ఆపి ఉంచమన్న అభ్యర్థన అది. అప్పుడు ముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడాకే డబ్బు తీయాలి.

ఇక సంతకం. జ్యూరీ విచారణ హక్కు గొప్పదే. ఫెలనీకి పన్నెండుమంది, టెక్సస్‌లో మిస్‌డిమీనర్‌కి ఆరుగురు, అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి. మీరు బోనెక్కకపోతే దాన్ని తప్పు పట్టకూడదు. అంతా నిజమే. కానీ 2012లో మిసూరి వర్సెస్ ఫ్రై తీర్పులో సుప్రీంకోర్టే రాసిన లెక్క వినండి: శిక్ష పడిన ఫెడరల్ కేసుల్లో 97 శాతం, రాష్ట్రాల్లో 94 శాతం ఒప్పుకోళ్ళతోనే ముగుస్తున్నాయి. ఎందుకు? విచారణలో ఓడితే పడే శిక్షకీ, ఇప్పుడు ఒప్పుకుంటే ఇస్తామనే శిక్షకీ మధ్య అంత తేడా పెడతారు. ఏ తప్పూ చెయ్యనివాడు కూడా లెక్కలేసుకుని ఒప్పుకునేంత తేడా. నా ఉద్దేశంలో ఈ వ్యవస్థలో అన్నిటికంటే పెద్ద లోటు ఇదే. కానీ మనం బతకాల్సింది దీంట్లోనే.

హాల్లో బెంచీ మీద లాయరు గుసగుసగా చెప్తాడు: "డిఫర్డ్ అడ్జుడికేషన్ ఇస్తామంటున్నారు. ఏడాది ప్రొబేషన్, అంటే జైలు బదులు కోర్టు నిఘాలో ఉండడం, అది సవ్యంగా పూర్తి చేస్తే దోషి అన్న తీర్పే ఉండదు." వినడానికి ఎంత బాగుంది! అమెరికా పౌరుడికి నిజంగా బాగుంటుంది. మీకు? ఇమిగ్రేషన్ చట్టానికి తన సొంత నిర్వచనం ఉంది. మీరు నేరం ఒప్పుకున్నారు, జడ్జి ఏదో ఒక శిక్షో కట్టుబాటో పెట్టారు, ప్రొబేషన్ అయినా సరే. ఆ రెండూ ఉంటే అది శిక్ష పడినట్టే. టెక్సస్ కోర్టు తీర్పు లేదంటుంది, ఇమిగ్రేషన్ జడ్జి ఉందంటాడు. ఇద్దరూ వాళ్ళ వాళ్ళ చట్టం ప్రకారం కరెక్టే. దీనికంటే, ఒప్పుకోలే తీసుకోకుండా తరగతులూ సమాజసేవా పెట్టి కేసు కొట్టేసే ప్రీట్రయల్ డైవర్షన్ మేలు. కానీ కొన్ని కౌంటీల్లో డైవర్షన్‌కి కూడా నేరం ఒప్పుకుంటూ కాగితం రాయిస్తారు. ఆ కాగితం ఉందా లేదా అన్నదే అడగాల్సిన ప్రశ్న.

ఇందాక 750 గుర్తుపెట్టుకోమన్నాను. దొంగతనం నైతిక పతనం కింద లెక్కించే నేరం. దేశంలో ప్రవేశించిన ఐదేళ్ళలోపు అలాంటి నేరం చేసి, దానికి ఏడాది లేదా అంతకంటే ఎక్కువ శిక్ష పడే వీలుంటే, పంపించేయడానికి అది కారణం. పడిన శిక్ష కాదు, పడగలిగిన శిక్ష. క్లాస్ బికి గరిష్ఠం 180 రోజులు, ఆ గీత కింద ఉంటుంది. క్లాస్ ఏకి ఏడాది, గీత మీద పడుతుంది. 740 డాలర్ల సామానుకీ 760 డాలర్ల సామానుకీ మధ్య అంత దూరం ఉంది. ప్రాసిక్యూటర్‌తో బేరమాడేటప్పుడు ఏ నుంచి బికి దింపమని అడగడం ఎందుకంత విలువైనదో చూడండి. జరిమానా తగ్గించమని అడిగే లాయరు మీకు వంద డాలర్లు మిగిల్చి, వీసా పోగొడతాడు.

లాయరు ఇదంతా చెప్పాలా? చెప్పాలి. హోసే పడిల్లా అని హోండురాస్‌లో పుట్టినాయన, నలభై ఏళ్ళకి పైగా గ్రీన్‌కార్డుతో ఉన్నాడు, వియత్నాం యుద్ధంలో ఈ దేశం తరఫున పనిచేశాడు. ఇన్నేళ్ళుగా ఉన్నారుగా, ఇమిగ్రేషన్ గురించి బెంగ అక్కర్లేదు అని లాయరు చెప్పాడు. ఆ మాట నమ్మి ఒప్పుకున్నాడు. పంపించేసే నేరం అది. 2010లో సుప్రీంకోర్టు, లాయరు ఈ సంగతి సరిగ్గా చెప్పకపోతే లాయరు సాయం అందనట్టే అని తీర్పిచ్చింది. కాబట్టి మీ స్టేటస్ ఏమిటో లాయరుకి మొదటిరోజే చెప్పండి. ఎఫ్1, హెచ్1బీ, గ్రీన్‌కార్డు, ఏదైనా. సిగ్గుపడి దాచకండి.

కేసు కొట్టేసినా వేలిముద్ర ఉంటుంది. తాగి నడిపిన అరెస్టు మీద, తీర్పు రాకముందే, స్టేట్ డిపార్ట్‌మెంట్ వీసా స్టాంపు రద్దు చేయగలదు. ఉన్నచోట స్టేటస్ అందువల్లనే పోదు, కానీ ఇండియా వెళ్తే కొత్త స్టాంపు లేకుండా తిరిగి రాలేరు. 2025 ఏప్రిల్‌లో చిన్న అరెస్టు రికార్డులున్నవాళ్ళతో సహా వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు, అంటే విదేశీ విద్యార్థుల మీద ప్రభుత్వం ఉంచే రికార్డులు, ఒక్కసారిగా ఆపేశారు. కోర్టులు జోక్యం చేసుకున్నాక మళ్ళీ తెరిచారు. డిస్మిస్ అయిన కేసులో కూడా తీర్పు నకలు సర్టిఫై చేయించి దాచుకోండి, పదేళ్ళ తర్వాత కూడా అడుగుతారు.

ఇంకొకటి, ఇది మనవాళ్ళకి బాగా తగిలింది. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గొడవ. వీసా మోసాలు పట్టుకోవడానికి ప్రభుత్వమే పెట్టిన దొంగ యూనివర్సిటీ. పట్టుబడ్డ విద్యార్థుల్లో తెలుగువాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. అందులో విద్యార్థుల్ని చేర్పించిన ఎనిమిదిమంది మీద పెట్టింది క్రిమినల్ కేసు. విద్యార్థుల మీద నడిచింది ఇమిగ్రేషన్ వ్యవహారం, అంటే సివిల్. తేడా ఏమిటి? క్రిమినల్ కేసులో డబ్బు లేకపోతే 1963 గిడియన్ తీర్పు ప్రకారం ప్రభుత్వమే లాయర్ని ఇస్తుంది. ఇమిగ్రేషన్ కోర్టులో లాయర్ని పెట్టుకోవచ్చు, కానీ ఖర్చు మీదే. చేతికి వేసే బేడీలు మాత్రం రెండు చోట్లా ఒకటే.

చివరగా, రాత్రి రెండింటికి ఫోన్ వస్తే ఇంట్లోవాళ్ళు ఏం చెయ్యాలి? మనిషి ఏ జైల్లో ఉన్నాడో కౌంటీ షెరీఫ్ వెబ్‌సైట్లో వెతకాలి. అక్కడ మన పేర్లతోనే తంటా. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎక్కడుందో, ఏ స్పెల్లింగుతో ఉందో అదే కొట్టాలి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ళకి మొదటి పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది, అలా కూడా వెతకండి. పుట్టినతేదీ దగ్గర పెట్టుకోండి. మన కాన్సులేట్‌కి చెప్పమని అడిగే హక్కు లోపలున్నవాడికి ఉంది, కానీ వాడు అడగాలి. భారతీయుల విషయంలో వాళ్ళంతట వాళ్ళు చెప్పి తీరాలన్న నియమం లేదు. టెక్సస్‌కి హ్యూస్టన్ కాన్సులేట్. అమ్మానాన్నలకి ఇంగ్లీషు కష్టమైతే తెలుగు దుబాసీ కావాలని కోర్టులో అడగచ్చు, పక్కింటి అబ్బాయిని నిలబెట్టకండి.

ఇక జైలు నుంచి వాడు ఫోన్ చేసినప్పుడు ఆత్రంగా మొదట ఏం అడుగుతారు? "ఏం చేశావురా?" అని. అడగకండి. ఆ ఫోన్ రికార్డవుతుంది, మొదట్లోనే గొంతు ఆ మాట చెప్తుంది. తెలుగులో మాట్లాడుకుంటే వాళ్ళకేం తెలుస్తుందిలే అనుకోవద్దు, ప్రాసిక్యూటర్ ఆఫీసు తెలుగు నుంచి తర్జుమా చేయించుకోగలదు. తిన్నావా, మందులు ఇచ్చారా, లాయరు రేపొద్దున వస్తున్నాడు, ఎవరితో ఏమీ మాట్లాడకు. ఇంతే చెప్పి పెట్టెయ్యండి.

ప్రశ్నలు తీసుకుందాం. మీ సొంత కేసుల గురించి మాత్రం ఇంతమందిలో అడగకండి, ఇక్కడ కూడా రికార్డింగు నడుస్తోంది.